‘పహేలీ’ చూసి ఇంట్లో తలో మాట అన్నారు, ఎవరిది కరెక్ట్?

మీరు అడిగింది ఇదీ. ఇంట్లో నలుగురూ కూర్చుని షారుఖ్ ఖాన్ హిందీ సినిమా ‘పహేలీ’ చూశారు. భర్త రూపంలో వచ్చిన భూతం తానెవరో చెప్పేశాక కూడా కొత్త పెళ్లికూతురు లచ్ఛీ వద్దనకుండా ఉండనిచ్చే సీన్ దగ్గర మీ అత్తయ్యగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. మీవారు చివరిదాకా చూసి ‘ఎంత అందంగా తీసినా ఇది మోసమే’ అన్నారు. ఇంటర్ చదివే మీ అమ్మాయికి సినిమా అంతా నచ్చింది గానీ క్లైమాక్స్ మాత్రం ‘సేఫ్‌గా ముగించేశారు’ అంది. మీకేమో కళ్లనీళ్లు ఆగలేదు. బయట అడిగినా ఇంతే, కొందరు ఆకాశానికెత్తుతున్నారు, కొందరు స్లో అని తీసిపారేస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి అన్నారు.

నేను సికింద్రాబాద్‌లో హిందీ సినిమాలు ఎక్కువగా ఆడే ఒక సింగిల్ స్క్రీన్‌లో ఇరవై రెండేళ్లు మేనేజర్‌గా చేశాను. 2005 జూన్ 24న ‘పహేలీ’ విడుదలైనప్పుడు మా హాల్లోనూ వేశాం. సినిమా గురించి పండితుల్లా చెప్పలేను గానీ, జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ కుర్చీల్లో కదులుతారో, ఎక్కడ లేచి బయటికి వస్తారో చీకట్లో నిలబడి చూడటమే నా ఉద్యోగం. ఆ అనుభవంతోనే చెప్తున్నాను. మీ ఇంట్లో వచ్చిన మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. నలుగురూ ఒకే కథ చూశారు, కాకపోతే కథలో తలొకరి పక్కన కూర్చుని చూశారు.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రాజస్థాన్‌లో ఒక వ్యాపారి కుటుంబం. కొడుకు కిషన్‌కి లచ్ఛీతో పెళ్లవుతుంది. తొలిరాత్రి అతను లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటాడు. తెల్లారితే ప్రయాణం, తండ్రి ముహూర్తం పెట్టించాడు, ఐదేళ్లు వ్యాపారం చేసుకుని రావాలి. పెళ్లి బృందం దారిలో ఆగిన చోట ఒక భూతం ఈ అమ్మాయిని చూసి మనసు పారేసుకుంటుంది. భర్త ఊరు దాటగానే అతని రూపంలో ఇంటికి వస్తుంది. లోకానికంతా అబద్ధం చెప్తుంది, లచ్ఛీకి మాత్రం నిజం చెప్తుంది. ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను అంటుంది. ఆమె ఉండనిస్తుంది. నాలుగేళ్ల తర్వాత ఆమె గర్భవతి అని తెలిసి అసలు భర్త పరుగెత్తుకొస్తాడు. అప్పుడు ఇంట్లో ఇద్దరు కిషన్‌లు.

మూలకథ విజయ్‌దాన్ దేథా రాసిన ‘దువిధా’. జోధ్‌పూర్ జిల్లా బోరుందా ఊళ్లో కూర్చుని, చుట్టుపక్కల ఆడవాళ్లూ పల్లె జనమూ చెప్పుకునే కథల్ని రాజస్థానీలో తిరగరాసిన మనిషి ఆయన. 1973లోనే మణి కౌల్ ఈ కథని ‘దువిధా’ పేరుతోనే తీశాడు. అమోల్ పాలేకర్ తీసినది ‘పహేలీ’. పాటలు గుల్జార్, సంగీతం మన కీరవాణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్ పేరుతో. ‘ధీరే జల్నా’ పాడినందుకు శ్రేయా ఘోషాల్‌కి జాతీయ అవార్డు వచ్చింది. మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపింది కూడా ఈ సినిమానే. నామినేషన్ రాలేదు. 2023లో ‘నాటు నాటు’కి కీరవాణి ఆ వేదిక ఎక్కినప్పుడు నాకు ముందు ‘ధీరే జల్నా’యే గుర్తొచ్చింది.

ఇక రియాక్షన్ల సంగతి.

మొదటి మూడు రోజులు మాకు వచ్చింది షారుఖ్ అభిమానులు. అంతకు ముందు నవంబర్‌లోనే వాళ్లు ‘వీర్-జారా’ చూసి ఉన్నారు. చేతులు చాచి నిలబడే షారుఖ్ కోసం వచ్చారు. ఇక్కడేమో తలపాగా చుట్టుకుని లెక్కలు రాసుకునే షారుఖ్, నెమ్మదిగా నవ్వే భూతం షారుఖ్, మధ్యమధ్యలో కథ చెప్పే రెండు తోలుబొమ్మల్లాంటి కొయ్యబొమ్మలు. ఆ బొమ్మలకి గొంతిచ్చింది నసీరుద్దీన్ షా, రత్నా పాఠక్ షా అని వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, బొమ్మలు మాట్లాడగానే వెనక వరసల్లో గోల మొదలయ్యేది. శుక్రవారం ఫస్ట్ షో వదిలాక బయట వినిపించిన మాట ఒక్కటే, ‘స్లో’. శనివారానికి డివైడ్ టాక్ అని డిస్ట్రిబ్యూటర్ మనిషి ఫోన్. సినిమా ఆశించినంత ఆడలేదు.

ఈ ‘స్లో’ అనే మాటని మీరు అట్టే పట్టించుకోవద్దు. జనం ఆ మాటని చాలా వాటికి వాడతారు. తాము అనుకుని వచ్చిన సినిమా కాకపోతే స్లో. మనసులో ఏదో గుచ్చుకుని, అదేమిటో పైకి చెప్పుకోలేకపోతే కూడా స్లో. 2012లో ‘తలాష్’ వచ్చినప్పుడూ ఇదే చూశాను. ఆమిర్ ఖాన్ ఇన్‌స్పెక్టర్, ఒక కారు ప్రమాదం, దర్యాప్తు. జనం డిటెక్టివ్ కథ అనుకుని రెండు గంటలు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు. చివర్లో ఆత్మ అని తేలేసరికి సగం మందికి ఒళ్లు మండింది. దెయ్యాల మీద నమ్మకం లేక కాదు. వాళ్లే వారం రోజుల ముందు దెయ్యం సినిమా చూసి ఈలలు వేసినవాళ్లు. తమతో ముందు ఒక మాట అనుకుని తర్వాత తప్పారని కోపం. బిడ్డని పోగొట్టుకున్న తండ్రి కథగా దాన్ని చూసినవాళ్లు మాత్రం అదే క్లైమాక్స్‌లో ఏడ్చారు. వాళ్లు వేరే సినిమాకి వచ్చారు.

‘పహేలీ’లో ఆ సమస్య లేదు, భూతం సంగతి మొదటి పావుగంటలోనే చెప్పేస్తారు. మరి మీ అత్తయ్యగారు ఎందుకు లేచారు?

హిందీలో దెయ్యం ప్రేమకథలు కొత్త కాదు. 1949లో ‘మహల్’, 1958లో ‘మధుమతి’, 1964లో ‘వో కౌన్ థీ’. వీటిలో ఒక పద్ధతి ఉంది. పొగమంచులో ఒక ఆడమనిషి పాట వినిపిస్తుంది, మగాడు దాని వెంట పిచ్చివాడిలా తిరుగుతాడు. ‘మహల్’లో, ‘వో కౌన్ థీ’లో అయితే చివరికి అసలు దెయ్యమే లేదని తేలుతుంది. చనిపోయిన ఆడదాన్ని బతికున్న మగాడు ప్రేమిస్తే మన జనానికి అభ్యంతరం లేదు. ‘మధుమతి’కి తొమ్మిది ఫిల్మ్‌ఫేర్ అవార్డులిచ్చి, పాటలు ఇప్పటికీ పాడుకుంటున్నారు. ‘పహేలీ’ ఆ వరసని తిరగేసింది. ఇక్కడ భూతం మగవాడు, బతికున్న పెళ్లికూతురు ముందు నిలబడి ‘నీ ఇష్టం’ అంటాడు. ఆమె ఆలోచించి, తెలిసి, ఒప్పుకుంటుంది. జనానికి ఇబ్బంది భూతంతో రాలేదు, ఆ ఒప్పుకోవడంతో వచ్చింది.

ఆ సీన్ వచ్చినప్పుడు హాలు ఎలా ఉండేదో చెప్తాను. వెనక తలుపు దగ్గర, టార్చి పట్టుకునే కుర్రాడి పక్కన నిలబడి కనీసం పది ఆటల్లో చూసి ఉంటాను. అంతకు ముందు లెక్కల పుస్తకం సీన్‌లో మగవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. ఆడవాళ్లూ నవ్వేవాళ్లు గానీ అది తొందరగా ఆగిపోయే నవ్వు. భూతం వచ్చి నేను నీ భర్తని కాను అని చెప్పడం మొదలెట్టగానే దగ్గులు ఆగిపోయేవి. హాల్లో పనిచేసినవాళ్లకి అదొక గుర్తు. ఎంత మంచి సినిమాకైనా ఎక్కడో ఒకచోట ఎవరో దగ్గుతూనే ఉంటారు. ఇక్కడ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. మ్యాట్నీల్లో ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నిశ్శబ్దం సీన్ అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉండేది. ఫస్ట్ షోలో జంటలు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం సీన్ మధ్యలోనే గుసగుసలు. పక్కనున్న మనిషి ఏమనుకుంటున్నాడో అని ఒకరినొకరు చూసుకోవడం. ఒకసారి ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర ఒకాయన ‘ఇదేం ఆడదయ్యా’ అంటే, ఆయన భార్య టీ కప్పు పట్టుకుని నేల చూస్తూ, ‘చెప్పాడు కదండీ’ అంది. అంతే, మళ్లీ ఏమీ మాట్లాడలేదు. నేను చిల్లర లెక్కపెడుతూ విన్నాను.

ఆ ‘చెప్పాడు కదండీ’ అన్న మాటలోనే సినిమా అంతా ఉందని నాకు అనిపిస్తుంది. మనకి అహల్య కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంద్రుడు గౌతముడి రూపంలో వచ్చాడు, అహల్య మోసపోయింది, శాపం తగిలింది. మనవాళ్లు భర్త వేషంలో వచ్చిన వాణ్ణి తెరమీద చూడగానే మనసులో ముందు మెదిలేది అదే. అయితే వాల్మీకి బాలకాండలో అహల్యకి వచ్చింది ఇంద్రుడని తెలుసు, తెలిసే ఒప్పుకుందని ఉంటుంది. మోసపోయిందని చెప్పేది తర్వాత ఎక్కువగా వాడుకలోకి వచ్చిన కథ. అంటే తెలిసి చేసిందా, తెలియక చేసిందా అన్న దగ్గర మన పెద్దలే రెండు రకాలుగా చెప్పుకున్నారు. తెలియకపోతే జాలిపడొచ్చు. తెలిస్తే ఏం చేయాలో కథ వినేవాడికి పాలుపోదు. ‘పహేలీ’ ఆ జాలిపడే దారి మూసేసింది, ప్రేక్షకుడికి తప్పించుకునే సందు ఇవ్వలేదు. కొందరు లేచి వెళ్లడానికి నాకు తెలిసిన కారణం అది.

మీ అత్తయ్యగారి విషయంలో మాత్రం నేను ఇంకొకటి కూడా ఆలోచిస్తాను. రాజస్థాన్‌లోని షెఖావటీ ప్రాంతపు వ్యాపార కుటుంబాల్లో మగవాళ్లు ఏళ్ల తరబడి దూరదేశాలకి వ్యాపారానికి వెళ్లడం కథ కోసం కల్పించింది కాదు, అక్కడి జీవితం. కలకత్తాకీ బొంబాయికీ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఎదురుచూస్తూ పాటలు కట్టుకున్నారు. మనకీ అది తెలియనిది కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లిన మగవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తారు. మా హాల్లో ఊడ్చే పనిచేసిన ఒకావిడ భర్త పెళ్లయిన నలభై రోజులకి గల్ఫ్ వెళ్లాడు. ఆవిడ ‘పహేలీ’ ముక్కలు ముక్కలుగా, చీపురు పట్టుకుని నిలబడి చూసేది. ఒకరోజు నన్ను అడిగింది, ‘సార్, ఆ పెద్దకోడలి మొగుడు వస్తాడా?’ అని.

ఆవిడ అడిగింది జూహీ చావ్లా వేసిన గజరోబాయి గురించి. ఆమె భర్త, అంటే సునీల్ శెట్టి పాత్ర, ఒంటెల పందెంలో ఓడి తలెత్తుకోలేక ఇల్లు విడిచి పోతాడు. ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. సినిమాలో ఆమెకి సీన్లు కొన్నే. రివ్యూలు రాసినవాళ్లలో కూడా ఆమెని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కానీ ఏ భూతమూ రాని ఆడది ఆ ఇంట్లో ఆమె. మా హాల్లో ఊడ్చే ఆవిడ కళ్లు లచ్ఛీ మీద లేవు, ఈమె మీదే ఉన్నాయి. వయసులో పెద్దవాళ్లలో ఇది చాలాసార్లు గమనించాను. ఎవరూ అడగకుండా ఏళ్లు గడిపినవాళ్లకి, పక్కింటి పిల్లని ఎవరో ‘నీ ఇష్టం ఏమిటి’ అని అడగడం కళ్లముందు చూస్తే కూర్చోవడం కష్టం. దాన్ని పాతకాలపు మనిషి అని కొట్టిపారేయకండి. మీ అత్తయ్యగారి జీవితం నాకు తెలియదు కాబట్టి అదే కారణమని చెప్పలేను. లేచి వెళ్లిన ప్రతివాళ్లూ నచ్చక వెళ్లరని మాత్రం చెప్పగలను.

మీ అమ్మాయి చెప్పిన క్లైమాక్స్ విషయంలో నేను ఆ పిల్ల వైపే. దేథా కథలో, ఇద్దరిలో అసలు భర్త ఎవరో తేల్చడానికి గొర్రెల కాపరి పెట్టిన పరీక్షల్లో భూతం తోలుసంచిలోకి దూరి బందీ అయిపోతుంది. ఆమె భర్త దగ్గర మిగిలిపోతుంది, ఒడిలో ఆడబిడ్డతో. ఆ ముగింపు గుండెలో ముల్లులా ఉంటుంది. పాలేకర్ దాన్ని మార్చాడు. అమితాబ్ వేసిన గొర్రెల కాపరి పరీక్షలు అలాగే ఉంటాయి, భూతం సంచిలోకి వెళ్తుంది కూడా. కానీ చివర్లో అది కిషన్ ఒంట్లోకి చేరి తిరిగొస్తుంది. లచ్ఛీ గుర్తుపడుతుంది. మా హాల్లో అక్కడ చప్పట్లు పడేవి. నేనూ కొట్టినవాణ్ణే. 2005లో టికెట్ కొని వచ్చిన కుటుంబాలకి ఆ సంచి సీన్ దగ్గర ఆపేసి లైట్లు వేసి ఉంటే గేటు దగ్గర నిలబడలేకపోయేవాణ్ణి, అది నిజమే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని దేశదేశాల సినిమాలు చూసే పిల్లలకి ఆ ఊరట అక్కర్లేదు. వాళ్లకి బాధని బాధగానే వదిలేసినా తట్టుకునే అలవాటు వచ్చింది. వీలైతే ఆ అమ్మాయికి మణి కౌల్ ‘దువిధా’ చూపించండి. అది దీనికంటే పది రెట్లు నెమ్మది, మాటలు తక్కువ, ముఖాలూ గోడలూ ఎక్కువ. అయినా ఆ పిల్ల చూస్తుందని నా నమ్మకం.

మీవారి మాట చివరికి ఉంచాను. ‘మోసం’ అన్నవాళ్లని మేం అప్పట్లో తేలిగ్గా తీసుకునేవాళ్లం, మగబుద్ధి అని. చెప్పాడు కదా, ఒప్పుకుంది కదా, ఇంకేం మోసం అని నేనే ఎంతోమందితో వాదించాను. ఆ వాదన సగమే నిజమని నాకు తెలియజెప్పింది మా ప్రొజెక్షన్ ఆపరేటర్. అప్పటికి ఆయనకి అరవై దాటాయి, మాటలు తక్కువ. సినిమా తీసేసే రోజు, సెకండ్ షో అయ్యాక ఆఖరి రీలు చుట్టి డబ్బాలో పెడుతున్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రింటు వెనక్కి పంపాలి. నేను సంతకాల కోసం పైకి వెళ్లాను. డబ్బా మూత బిగిస్తూ ‘సార్, ఆ పిల్లాడు ఏమయ్యాడు?’ అన్నాడు.

ఏ పిల్లాడు అన్నాను.

‘కిషన్. వాడి ఒంట్లోకి ఇది దూరింది కదా. మరి వాడు?’

నాకు నోట మాట రాలేదు. అన్ని ఆటలు చూశాను, అన్ని వందల మందితో మాట్లాడాను, ఒక్కరూ అది అడగలేదు. హాలంతా చప్పట్లు కొట్టిన సీన్‌లో ఒక మనిషి కనిపించకుండా పోయాడు. అతనికి కూడా ఎవరూ ఇష్టం అడగలేదు. పెళ్లి తండ్రి చేశాడు, ముహూర్తం తండ్రి పెట్టించాడు, ప్రయాణం తండ్రి చెప్పాడు. తొలిరాత్రి లెక్కల పుస్తకం తెరిచింది భార్య మీద అయిష్టంతో కాదు, పొద్దున లెక్క తప్పితే తండ్రికి జవాబు చెప్పాలన్న భయంతో అని ఇప్పుడు చూస్తే అర్థమవుతుంది. పైగా భూతం నుంచి తండ్రికి రోజూ బంగారు నాణేలు ముడుతుంటే ఆయన కొడుకు తిరిగొచ్చిన కారణం గట్టిగా అడగడు. అసలు కొడుకు గుమ్మంలో నిలబడి నేనే మీ కొడుకుని అంటే ఇంట్లో ఎవరూ నమ్మరు. షారుఖ్ ఆ సీన్‌లో ముఖం ఎలా పెట్టాడో మళ్లీ చూడండి. భూతంగా ఎంత బాగా చేశాడో అందరూ చెప్తారు. నాకు మాత్రం అతను కిషన్‌గా చేసిందే ఇప్పుడు ఎక్కువ గుర్తుంది. నడుస్తున్నప్పుడు భుజాలు కొంచెం లోపలికి ముడుచుకుని ఉంటాయి.

మీ ఇంట్లో కిషన్ పక్కన కూర్చుని సినిమా చూసింది మీవారు ఒక్కరే. ఆయన మాటని లచ్ఛీకి వ్యతిరేకంగా అన్నట్టు తీసుకుంటే గొడవ అవుతుంది. ఆయన లచ్ఛీని తప్పుపడుతున్నారా, కిషన్ కోసం బాధపడుతున్నారా అని అడగండి, ఆ రెండూ వేర్వేరు. అత్తయ్యగారిని లచ్ఛీ గురించి అసలు అడగొద్దు. ఆవిడకి తీరిక ఉన్నప్పుడు, ఆ పెద్దకోడలు మీకు ఎలా అనిపించింది అని మాత్రం అడిగి చూడండి. సినిమా మళ్లీ పెట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ఆవిడే చెప్తారు.